రెండు 3090 గ్రాఫిక్స్ కార్డులకు ఏ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా)? ఒకాయన 850 వాట్లు చాలంటాడు, ఇంకొకాయన 1600 అంటాడు

వేరుశనక్కాయ, అనంతపురం:

అన్నలందరికీ నమస్తే. నేను పెళ్ళి వీడియోల ఎడిటింగ్ చేస్తుంటాను, ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురు సివిల్ ఇంజనీర్లకు ఇళ్ళ ఎలివేషన్లు బ్లెండర్‌ (త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్)లో రెండర్ చేసిస్తాను, అంటే ఇల్లు కట్టాక ఎలా ఉంటుందో బొమ్మ తీసిస్తాను. నిజం చెప్పాలంటే ఇప్పుడు ఆ రెండో పనే ఎక్కువైపోయింది, పెళ్ళిళ్ళకు ముహూర్తాలుండాలి, ఇళ్ళు కట్టేవాళ్ళకు అవసరం లేదు కదా.

ఇప్పుడున్న సిస్టం: రైజెన్ 5900ఎక్స్ ప్రాసెసర్, 64 జీబీ ర్యామ్, ఒక ఆర్‌టీఎక్స్ 3090 (మూడు 8 పిన్ల కనెక్టర్లున్నది), ఐదేళ్ళ పాత 750 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్. ఇదే మోడల్ 3090 ఇంకొకటి బెంగళూరులో సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది, అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. బోర్డులో రెండు స్లాట్లున్నాయి, రెండు కార్డులూ పెడితే ఎనిమిదీ ఎనిమిది లేన్లుగా పంచుకుంటాయని మాన్యువల్‌లో ఉంది.

టవర్ క్లాక్ దగ్గర ఒక షాపులో అడిగితే 850 బ్రాంజ్ పెట్టుకో, సరిపోతుంది అన్నాడు. నాలుగు అడుగులేసి పక్క షాపులో అడిగితే 1600 కంటే తగ్గితే కాలిపోతుంది అన్నాడు. రెండు షాపుల మధ్య 750 వాట్ల తేడా, నా బడ్జెట్ చూస్తే పాతికవేలు. మూడో మనిషి, మా స్నేహితుడు, పాత 750ని తీసెయ్యకుండా రెండో కార్డుకు ఇంకో చిన్న ఎస్‌ఎంపీఎస్ తగిలించు చాలు అంటాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు ఒక్క కార్డుతోనే అప్పుడప్పుడు రెండర్ మొదలుపెట్టిన సెకనులో సిస్టం టప్పున ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. విండోస్ తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని వస్తుంది. టెంపరేచర్లు మామూలుగానే ఉన్నాయి. కార్డు పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో 900 వీఏ ఇన్వర్టర్ ఉంది, సిస్టం దాని మీదే నడుస్తుంది. ఏం చెయ్యమంటారు?

గుంతకల్లు జంక్షన్:

ముందు కార్డు పోలేదులే, నిద్రపో. 41 అంటే సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాకుండా హఠాత్తుగా ఆగింది అని విండోస్ చెప్పడం మాత్రమే, ఎందుకు ఆగిందో దానికీ తెలీదు. కానీ నువ్వు చెప్పిన లక్షణం, అంటే వేడెక్కకముందే రెండర్ మొదలైన సెకనులో పడిపోవడం, 3090 ఉన్నవాళ్ళకు బాగా తెలిసిన లక్షణమే. ఈ కార్డు కాగితం మీద 350 వాట్లు. కానీ మిల్లీసెకను కూడా లేని క్షణాల్లో 500 వాట్లు దాటి లాగుతుంది. వాట్ మీటర్‌లో అది కనబడదు, సాఫ్ట్‌వేర్‌లో అసలు కనబడదు, ఎస్‌ఎంపీఎస్‌లోని ప్రొటెక్షన్ సర్క్యూట్‌కు మాత్రం కనబడుతుంది, అది షార్ట్ అయిందేమో అనుకుని కట్ చేసేస్తుంది. పాత డిజైన్లకు ఈ దెబ్బ తట్టుకునే ఓపిక తక్కువ.

ఒక ప్రశ్న. కార్డుకున్న మూడు కనెక్టర్లకు మూడు వేరువేరు వైర్లు ఇచ్చావా, లేక ఒకే వైరుకి రెండు కొసలుండేది పెట్టావా?

ఇక లెక్క. షాపుల వాళ్ళను పక్కన పెట్టి నీ సామాను మీదే లెక్క వేద్దాం. కార్డులు 350, 350, మొత్తం 700. 5900ఎక్స్ మీద 105 అని రాసుంటుంది గానీ అది అసలు తీసుకునేది 142 వరకు. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఓ 70 వేసుకో. 912 వచ్చింది. కాబట్టి 850 చాలు అన్నాయన లెక్కే వెయ్యలేదు, లేదా స్టాకులో ఉన్నది చెప్పాడు. 1600 అన్నాయన భయంతో చెప్పాడు. అంత పెద్దవాటిలో చాలావాటికి మామూలు కంప్యూటర్ వైరు పట్టదు, గోడకు 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, నీకు ఆ తలనొప్పి అనవసరం.

నా మాట 1200 వాట్లు గోల్డ్, ఏటీఎక్స్ 3.0 అని రాసుండాలి. 2022లో వచ్చిన ఆ ప్రమాణం ప్రకారం ఎస్‌ఎంపీఎస్ తన రేటింగుకు రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలి. నీకు కావాల్సింది అచ్చంగా అదే, ఎందుకంటే రెండు కార్డులకూ బ్లెండర్ ఒకేసారి పని అప్పజెబుతుంది, రెండూ ఒకేసారి ఎగురుతాయి.

బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే ముద్రలు, అంతకుమించి కాదు. ఆ పరీక్ష కూడా 23 డిగ్రీల గదిలో చేస్తారు. మన ఊళ్ళో మేలో 23 డిగ్రీలు ఫ్రిజ్జులోనే ఉంటాయి. అందుకని బాక్సు మీదో, కంపెనీ వెబ్‌సైట్‌లోనో ఆ వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందో చూసుకో, మంచివాటికి 50 అని రాసుంటుంది, కొన్నిటికి 40 అనే ఉంటుంది, కొందరు అసలు రాయరు. రాయనిది కొనొద్దు.

పాత మైనర్:

అంత ఖర్చెందుకప్పా. నేను 2021లో క్రిప్టో మైనింగ్‌కు ఆరు కార్డులు రెండు ఎస్‌ఎంపీఎస్‌ల మీద ఏడాదిన్నర నడిపాను, ఏమీ కాలేదు. రెండిటినీ ఒకేసారి ఆన్ చేసే చిన్న బోర్డు వస్తుంది, మూడు నాలుగు వందలు. పాత 750 అట్లనే ఉంచి, రెండో కార్డుకు ఒక 650 కొను. పని అయిపోతుంది.

గుంతకల్లు జంక్షన్:

మైనర్ అన్నా, నువ్వు నడిపావు, కాదనను. కానీ నీ కార్డులు రైజర్ల (కార్డును బోర్డుకు దూరంగా పెట్టే వైరు అడాప్టర్ల) మీద ఉన్నాయి, ప్రతి కార్డుకూ దాని రైజర్‌కూ ఒకే ఎస్‌ఎంపీఎస్ నుంచి ఇచ్చుంటావు. ఈయన కార్డు నేరుగా బోర్డు స్లాట్‌లో కూర్చుంటుంది. స్లాట్ నుంచి 75 వాట్ల దాకా మొదటి ఎస్‌ఎంపీఎస్ ఇస్తుంది, పైన 8 పిన్ల నుంచి రెండోది ఇస్తుంది. రెండూ కలిసి లేచి కలిసి పడుకున్నంత కాలం బాగానే ఉంటుంది. ఒకటి ట్రిప్ అయి ఇంకొకటి నడుస్తుంటే ఆ కార్డు సగం ప్రాణంతో ఉంటుంది, అప్పుడు కరెంటు ఏ దారిన పోతుందో నీ చేతిలో ఉండదు. పైగా ఆయన 750కే ఇప్పటికే ఒక్క కార్డుతో ట్రిప్ అయ్యే జబ్బుంది, ఆ జబ్బుపడ్డదాన్నే ఉంచి పక్కన ఇంకొకదాన్ని పెట్టమంటున్నావు.

పాత మైనర్:

సరే, ట్రిప్ అయ్యే సంగతి నేను సరిగ్గా చదవలేదు. అలాగైతే ఒక్కటే పెద్దది కొనుక్కో. కానీ సెకండ్‌హ్యాండ్ 3090 అంటున్నావు కాబట్టి నా అనుభవం ఒకటి పనికొస్తుంది. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో నాణెం కార్డులతో మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారిపోయాక మాలాంటోళ్ళ కార్డులన్నీ మార్కెట్లోకొచ్చాయి, నీకు దొరికింది కూడా అందులోదే కావచ్చు. 3090కి మెమరీ చిప్పులు సగం కార్డు వెనకవైపు ఉంటాయి, ఫ్యాన్ గాలి అక్కడికి పోదు. మెమరీ 110 డిగ్రీలు తాకితే కార్డు తనంతట తనే నెమ్మదిస్తుంది. డబ్బు మొత్తం ఇచ్చే ముందు అరగంట లోడ్ పెట్టి మెమరీ జంక్షన్ అనే టెంపరేచర్ చూడు. 100 దాటితే థర్మల్ ప్యాడ్లు (చిప్పుల వేడిని బయటికి పంపే మెత్తటి పట్టీలు) మార్చాలి అని చెప్పి ధర తగ్గించు. నేను అమ్మినప్పుడు నన్నట్లనే తగ్గించారు.

బురుజు సెంటర్, కర్నూలు:

ఇన్వర్టర్ గురించి ఎవరూ మాట్లాడలేదు, అసలు సమస్య అక్కడుంది. నేను యూపీఎస్‌ల సర్వీసింగ్ చేస్తాను కాబట్టి చెబుతున్నా.

900 వీఏ అంటే 900 వాట్లు కాదు తమ్ముడూ. 700 అటూ ఇటూ. రెండు కార్డుల సిస్టం 900 వాట్లు లాగితే, ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది పోను గోడ దగ్గర 1000 దాటుతుంది. కరెంటు పోయిన మరుక్షణం ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూసి పడుకుంటుంది, దాంతోపాటు ఇంట్లో ఫ్యాన్లు కూడా. మే నెలలో రాత్రి పూట అదొక్కసారి జరిగితే ఇంట్లోవాళ్ళు కంప్యూటర్‌ను మేడ మీది నుంచి విసిరేస్తారు.

రెండోది, మారే టైము. చాలా ఇన్వర్టర్లలో యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో ఉంటే మారడానికి ఎక్కువ టైం పడుతుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్ పూర్తి లోడ్‌లో నిలబెట్టేది 16, 17 మిల్లీసెకన్లు, చౌకవాటిలో అదీ ఉండదు. నెట్ చూస్తుంటే ఆగనిది రెండర్ చేస్తుంటే ఆగుతుంది, దానికి కారణం ఇదే. నీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఇంకా ఇబ్బంది, ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాక్కునే సర్క్యూట్)కి అది పడదు, ట్రాన్స్‌ఫార్మర్ ఏడ్చినట్టు శబ్దమొస్తుంది.

స్టెబిలైజర్ కొనమని ఎవరైనా చెబితే వద్దను. మంచి ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల దాకా ఎక్కడైనా నడుస్తుంది, లో వోల్టేజీ దానికి లెక్కే కాదు. మన దగ్గర చంపేది హై వోల్టేజీ. స్తంభం మీద న్యూట్రల్ తెగిందంటే మూడు ఫేజుల లైన్లో కొన్ని ఇళ్ళకు 300, 400 దాకా వచ్చేస్తుంది. ఒక వానాకాలం మా వీధిలో అట్లనే రెండు టీవీలు, ఒక ఫ్రిజ్జు, ఒక సెట్‌టాప్ బాక్సు ఒకే నిమిషంలో పోయాయి. ఓర్వకల్లు పక్కన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టుకున్న జిల్లా మాది, వీధిలో ఒక న్యూట్రల్ వైరు మాత్రం గట్టిగా నిలబడదు. స్పైక్ బస్టర్ దీన్ని ఆపలేదు, అది రెప్పపాటు ఉరుముకు పనికొస్తుంది గానీ పది నిమిషాలుండే 380కి కాదు. మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజ్ కటాఫ్ పెట్టించుకో, బోర్డులో ఎంసీబీలు తగిలించే డిన్ రైలు అనే పట్టీ మీద కూర్చునే చిన్న డబ్బా, ఏ ఎలక్ట్రీషియన్‌నడిగినా పెడతాడు.

మూడోది ఎర్తింగ్. క్యాబినెట్ లోహాన్ని వేలి వెనకవైపుతో తాకితే జివ్వుమంటుందా? అంటే చెప్పు.

వేరుశనక్కాయ:

జివ్వుమంటుందన్నా. అది అన్ని కంప్యూటర్లకూ ఉంటుందనుకున్నాను.

జంక్షన్ అన్నా, మీరడిగిన వైర్ల సంగతి. క్యాబినెట్ విప్పి చూశా. మూడు కనెక్టర్లలో రెండు ఒకే వైరు కొసలు, మూడోదొక్కటే వేరే వైరు. అసెంబుల్ చేసినాయన అట్లనే ఇచ్చాడు.

బురుజు సెంటర్, కర్నూలు:

అందరికీ ఉంటుంది, ఎందుకంటే అందరి ఇళ్ళలో ఎర్తింగ్ అంతే కాబట్టి. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు రెండు, ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద సగం వోల్టేజీ, 115 దాకా తేలుతుంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషి చావడు, కానీ మానిటర్ కేబులో, హార్డ్ డిస్కో తగిలించేటప్పుడు పోర్టు పోవచ్చు. మల్టీమీటర్ ఉంటే ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య చూడు, 230 దగ్గర రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. మీది మాకంటే ఎండు నేల, ఎర్త్ గుంత ఉన్నా ఎండాకాలంలో వారానికోసారి నాలుగు బిందెలు నీళ్ళు పొయ్యకపోతే ఉన్నట్టు కాదు.

గుంతకల్లు జంక్షన్:

దొరికింది. 8 పిన్ల కనెక్టర్ ఒక్కోటి 150 వాట్ల లెక్క. రెండు కొసల వైరు అంటే 300 వాట్ల దాకా ఎస్‌ఎంపీఎస్ వైపున్న ఒకే ప్లగ్గు నుంచి వస్తోంది. మామూలు కార్డుకు నడిచిపోతుంది గానీ 3090కి వద్దు. మూడుకు మూడు విడి వైర్లు పెట్టి ఒకసారి చూడు, ఇప్పుడున్న 750తోనే రీస్టార్టులు తగ్గొచ్చు.

అందుకే కొత్తది కొనేటప్పుడు వాట్లు చూసి వచ్చెయ్యకు. నీకు రెండు కార్డులకు ఆరు 8 పిన్ల కనెక్టర్లు, సీపీయూకు రెండు కావాలి. 1200 అని రాసి, లోపల గ్రాఫిక్స్‌కు మూడే వైర్లిచ్చి ఒక్కోదానికి రెండు కొసలు పెట్టేవి ఉన్నాయి. ఏటీఎక్స్ 3.0 వాటిలో ఇంకో మెలిక, కొత్త కార్డుల కోసం 16 పిన్ల 600 వాట్ల వైరు ఒకటిస్తారు, దాన్నిచ్చినందుకు 8 పిన్ల సాకెట్లు తగ్గించేస్తారు. ఆ 600 వాట్ల వైరు నీ కార్డులకు ఏ పనికీ రాదు. కొనేముందు ఎస్‌ఎంపీఎస్ వెనకవైపు ఫోటో చూసి సాకెట్లు లెక్కపెట్టు, పెట్టె మీది బొమ్మ నమ్మొద్దు.

డిస్కులకిచ్చే సాటా, మోలెక్స్ వైర్ల నుంచి 8 పిన్‌కు మార్చే కన్వర్టర్లు అమ్ముతారు, ముట్టుకోకు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద ఇవ్వగలిగింది 54 వాట్లు. దాన్ని పట్టుకుని 150 లాగితే ప్లాస్టిక్ కరిగిన వాసన ముందు, పొగ తర్వాత.

ఏడు రోడ్లు, కడప:

అందరూ ఎస్‌ఎంపీఎస్ మీద పడ్డారు, ఒక అనుమానం తీర్చుకోనివ్వండి. అసలు రెండో కార్డు నీకు పనికొస్తుందా? గేములకైతే దండగ, రెండు కార్డులను కలిపి గేము ఆడించే ఎస్‌ఎల్‌ఐకి కొత్త ప్రొఫైళ్ళు ఇవ్వడం ఎన్విడియా 2021 జనవరి నుంచి మానేసింది. వీడియో ఎడిటింగ్‌లో డావిన్చీ రిజాల్వ్ ఉచితంగా వాడేది అయితే ఒక్క కార్డే తీసుకుంటుంది. బ్లెండర్‌కు మాత్రం బంగారంలా పనికొస్తుంది, దాదాపు సగం టైములో అయిపోతుంది. కానీ కార్డుల మెమరీ 24, 24 కలిసి 48 జీబీ అవుతుందనుకోకు, మామూలుగా సీన్ మొత్తం రెండు కార్డుల్లోకీ విడివిడిగా కాపీ అవుతుంది. నీ సీను 24 దాటితే రెండో కార్డు ఆదుకోదు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పలేదు. పవర్ లిమిట్ పెట్టు. ఎన్విడియా-ఎస్‌ఎంఐ కమాండ్‌తోనో ఆఫ్టర్‌బర్నర్‌తోనో ఒక్కో కార్డును 350 నుంచి 280కి దించు. నా దగ్గర ఒక 3090 ఉంది, అట్ల దించితే పది నిమిషాల రెండర్ పదిన్నర నిమిషాలయింది, అంతే. రెండు కార్డుల మీద 140 వాట్లు మిగిలితే మొత్తం 770 దగ్గరికొస్తుంది. అప్పుడు మంచి 1000 వాట్లది కూడా చాలు. గది వేడి కూడా తగ్గుతుంది, 900 వాట్ల సిస్టం అంటే గదిలో చిన్న హీటర్ పెట్టుకున్నట్టే, కడప ఎండల్లో దాన్ని నేను భరించలేకపోయాను.

గుంతకల్లు జంక్షన్:

లిమిట్ సంగతి నేనే చెప్పాల్సింది, మర్చిపోయా. ఒప్పుకుంటున్నా. అయినా నా ఓటు 1200కే, ఎందుకంటే లిమిట్ పెట్టడం మర్చిపోయిన రోజు కూడా నిలబడాలి. ఆ మర్చిపోయే రోజు ఒకటి తప్పకుండా వస్తుంది.

వేరుశనక్కాయ:

ఇంకొక్క డౌటు. నేను చూసిన 1200లో 8 పిన్ల సాకెట్లు ఐదే ఉన్నాయి, సీపీయూకు పోను. పాత 750 సెమీ మాడ్యులర్, అంటే కొన్ని వైర్లు ఊడదీయొచ్చు, దాని వైర్లు కూడా అట్లనే కనిపిస్తున్నాయి, ఒకటి తెచ్చి వాడొచ్చా? రెండూ ఒకే కంపెనీవి.

గుంతకల్లు జంక్షన్:

వద్దు వద్దు వద్దు. కార్డు వైపు పిన్నులు ప్రపంచమంతా ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నులకు ఏ ప్రమాణమూ లేదు, ఒకే కంపెనీ రెండు మోడళ్ళలోనే తేడా ఉండొచ్చు. ప్లగ్గు బుద్ధిగా కూర్చుంటుంది, 12 వోల్టులు రావాల్సిన చోట గ్రౌండ్ వస్తుంది, అంతే సంగతులు. నాకు తెలిసిన ఒకాయన అట్ల రెండు హార్డ్ డిస్కులు, వాటిలో ఎనిమిదేళ్ళ పెళ్ళి ఫోటోలు పోగొట్టుకున్నాడు. సాకెట్లు ఆరున్నది వెతుకు, వారం ఆలస్యమైనా పర్వాలేదు.

వేరుశనక్కాయ:

మూడు వారాల తర్వాత వస్తున్నా, ఆలస్యానికి ఏమనుకోవద్దు.

ముందు వైర్లు విడదీసి చూశా. 750తోనే ఒక్క కార్డు నాలుగు రోజులు ఒక్కసారి కూడా పడలేదు. ఐదో రోజు పడింది. తగ్గింది గానీ పోలేదన్నమాట.

1200 గోల్డ్, 8 పిన్ల సాకెట్లు ఆరున్నది బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోనే దొరికింది, కార్డు తేవడానికి పోయిన రోజే తెచ్చేశా, బడ్జెట్ పదకొండు వందలు దాటింది. కార్డుకు మెమరీ టెంపరేచర్ 104 చూపించింది, మైనర్ అన్న చెప్పినట్టు ప్యాడ్ల పేరు చెప్పి రెండువేలు తగ్గించా, ఆ రెండువేలూ ప్యాడ్లకే అయిపోయాయి.

280 లిమిట్‌తో రెండు కార్డులూ పెట్టి గోడ దగ్గర వాట్ మీటర్ చూశా, రెండర్‌లో 790, 800 మధ్య ఆడుతోంది, సీపీయూ ఎక్కువ పని చెయ్యట్లేదు కాబట్టి అనుకుంటా. మునుపు 14 నిమిషాలు పట్టే ఎలివేషన్ ఇప్పుడు 8 నిమిషాల్లోపే. కింది కార్డు గాలి పైదానికి తగిలి పైది 9 డిగ్రీలు ఎక్కువుంది, క్యాబినెట్ పక్క డోరు తీసేసి నడుపుతున్నా, మా పిల్లికి అక్కడ వెచ్చగా ఉందని తెలిసిపోయింది, అదొక కొత్త సమస్య.

జంక్షన్ అన్న నోరు మంచిది కాదు. రెండో రోజే కరెంటు పోయి వచ్చింది, సిస్టం దానంతట అది ఆన్ అయింది, కమాండ్‌తో పెట్టిన లిమిట్ ఎగిరిపోయింది. నేను చూసుకోలేదు, రాత్రంతా 350, 350 మీద నడిచింది. 1200 కాబట్టి ఏమీ కాలేదు. ఇప్పుడు టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టేశా, ఆన్ అయిన ప్రతిసారీ లిమిట్ దానంతట అదే పడుతుంది.

ఇన్వర్టర్ నుంచి సిస్టం తీసేశాను. 2 కేవీఏ సైన్ వేవ్ యూపీఎస్ ధర విని వెనక్కొచ్చా, ఇప్పటికి కరెంటు పోతే పోనీ. యానిమేషన్‌ను నేరుగా వీడియోగా కాకుండా ఒక్కో ఫ్రేమూ విడి బొమ్మగా సేవ్ అయ్యేట్టు పెట్టా, కరెంటు పోయినా ఆ ఒక్క ఫ్రేమే పోతుంది.

బురుజు అన్నా, ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పాడు. కంప్యూటర్ ప్లగ్గులో మూడో పిన్నుకు వైరే లేదు. ఇల్లు కట్టి పదకొండేళ్ళు. కటాఫ్ కూడా పెట్టించా. ఇప్పుడు జివ్వుమనడం లేదు.

పాత 750ని దాని వైర్లతో సహా ఒక సంచిలో కట్టి అటక మీద పడేశా, ఎవరైనా చిన్న కార్డుకు కావాలంటే సంచి మొత్తం తీసుకెళ్ళండి, వైర్లు విడిగా ఇవ్వను.